క్రోధమునకు నిలయమెచ్చట?

కురుక్షేత్రమున అర్జునుడు శ్రీకృష్ణ భగవానుని అడిగిన ప్రశ్నలలో గీత మూడవ అధ్యాయము చివర వచ్చు ప్రశ్న యొకటి గలదు. అది యుద్ధమును గూర్చినది కాదు. రాజ్యమును గూర్చినదియు కాదు. ప్రతి గృహస్థుడును రాత్రి పడకపై మేనువాల్చినపుడు తన్ను తాను అడుగుకొనదగిన ప్రశ్న. మనుష్యుడు తన కిష్టము లేకున్నను, ఎవరో మెడబట్టి నెట్టినట్లుగా పాపకార్యము ఏల చేయుచున్నాడు? ఇదియే అర్జునుని సందేహము. భగవానుడు కామక్రోధములను పేర్కొని, అవి రజోగుణము వలన జనించునని చెప్పి, అంతటితో ఆగక ఆ శత్రువు కాపురముండు చోటులను గూడ చూపెను. ఇంద్రియములు, మనస్సు, బుద్ధి – ఇవియే దాని నివాసములు. శత్రువు పేరు చెప్పుట యొక యెత్తు. అతని యిల్లు చూపుట మరియొక యెత్తు.

నేటి వైద్యశాస్త్రము ఆ యింటినే వేరొక త్రోవన వెదకుచున్నది. కోపము వచ్చినపుడు మెదడులో ఏమి జరుగును? ఒకని చేయి పైకి లేచుటకును, మరియొకని చేయి మధ్యలో ఆగుటకును కారణమేమి? ఈ వెదకులాటలో తేలిన విషయములు భక్తులు తెలిసికొనదగినవి. తెలిసికొనక పోయినచో రెండు ప్రమాదములు గలవు. కోపమును వ్యాధియని చెప్పి తప్పించుకొనువాడొకడు. వ్యాధిని పాపమని చెప్పి రోగిని కొట్టువాడొకడు. ఇరువురును త్రోవ తప్పినవారే.

మన హుస్నాబాద్ 2016 వరకు కరీంనగర్ జిల్లాలో నుండెను. నేడు సిద్దిపేట జిల్లాలో నున్నది. జిల్లా మారినను ఊరి తల్లి మారలేదు. ఎల్లమ్మ చెరువు చెంత వెలసిన రేణుకా ఎల్లమ్మకు ఈ ప్రాంతపు ఆడపడుచులు బోనములెత్తుచునే యున్నారు. ఆ తల్లి చరిత్రయే క్రోధమును గూర్చిన గొప్ప పాఠము. జమదగ్ని మహర్షి ధర్మపత్ని రేణుక. నీటికై వెళ్లిన యామె మనస్సు క్షణకాలము చలించినదని గ్రహించి మహర్షి మండిపడెను. తల్లిని వధింపుమని కుమారులను ఆజ్ఞాపించెను. నలువురు కుమారులు ఆ పని చేయజాలక ఆయన శాపమునకు గురియైరి. ఐదవవాడగు పరశురాముడు గొడ్డలి యెత్తెను. తండ్రి సంతసించి వరము కోరుకొమ్మనగా, ఆ కుమారుడు తల్లి మరల జీవింపవలెననియు, జరిగిన వధ ఆమెకు జ్ఞాపకము ఉండరాదనియు, సోదరులు పూర్వస్థితిని పొందవలెననియు కోరెను.

పరశురాముడు కోరిన వరములలో ఆ మరపును గమనింపుడు. ప్రాణము తిరిగి వచ్చినంత మాత్రమున చాలదనియు, దెబ్బ యొక్క జ్ఞాపకము గూడ తొలగిననే తల్లి తల్లిగా నిలుచుననియు అతడెరుంగును. పురాణములో ఆ మరపు వరముగా లభించినది. మన యిండ్లలో అట్టి వరమిచ్చువారు లేరు. కొట్టినవాడు మరచును, కొట్టించుకొన్నవారు మరువరు.

ఈ మాట వ్రాయుటకు నాకు సొంత కారణమున్నది. చాల ఏండ్ల క్రిందట, నా కుమారునికి పదియేండ్లు దాటని వయస్సులో, వాడు బడిఫీజు డబ్బు పోగొట్టుకొని వచ్చినాడు. నేనప్పటికే అప్పులవాళ్లతో వాదులాడి వచ్చియుంటిని. చేతిలో గొడుగుండెను. అది ఎప్పుడు లేచినదో, ఎప్పుడు దిగినదో నేనెరుగను. వాని కనుబొమ్మపై చీలి రక్తము కారుచుండగా చూచితిని. ఆ రాత్రి నా భార్య నాతో మాటలాడలేదు. నేను మాత్రము, "మా వంశపు రక్తమే అంత. మా తండ్రియు ఇట్లే యుండెను" అని చెప్పి నన్ను నేను ఓదార్చుకొంటిని. ఆ మచ్చ నేటికిని వాని ముఖమున నున్నది. ఆ ఓదార్పు మాట నిజమా కాదా యని పరీక్షించుటకే ఈ వ్యాసము.

ముందుగా కోపము పుట్టుచోటు. మానవుని మెదడు బరువు సుమారు 1,400 గ్రాములు. శరీరపు బరువులో నూటికి రెండు పాళ్లే యైనను, విశ్రాంతిగా నున్నపుడు గూడ శరీరము వ్యయపరచు శక్తిలో నూటికి ఇరువది పాళ్లు అదియే వినియోగించుకొనును. అందు సుమారు 8,600 కోట్ల నాడీకణములున్నవని శాస్త్రజ్ఞులు లెక్కించిరి. మెదడు లోతట్టున, రెండు ప్రక్కలను, బాదంపప్పు ఆకారముగల చిన్న భాగములు రెండు గలవు. గ్రీకు భాషలో బాదమునకు గల పేరునుబట్టి వానిని అమిగ్డాలా అందురు. ప్రమాదమును పసిగట్టుట దాని ముఖ్యమైన పనులలో నొకటి. అది వాకిటి కుక్క వంటిది. చప్పుడైనంతనే మొరుగును, వచ్చినది దొంగయో చుట్టమో విచారింపదు. దాని మొరుగుడు విన్నంతనే హైపోథాలమస్ అను మరియొక భాగము శరీరమునంతటిని యుద్ధమునకు సిద్ధము చేయును. గుండె వేగము హెచ్చును, కండరములు బిగియును, ఊపిరి పైపైన ఆడును. స్విట్జర్లాండ్ దేశపు వాల్టర్ రుడాల్ఫ్ హెస్ అను శాస్త్రజ్ఞుడు పిల్లుల మెదడులో ఈ ప్రాంతమున సన్నని తీగెలనుంచి స్వల్పముగా విద్యుత్తు పంపగా, అంతవరకు శాంతముగానున్న పిల్లి వెండ్రుకలు నిక్కబొడుచుకొని, బుసకొట్టుచు మీదపడెను. విద్యుత్తు ఆపగానే మరల శాంతించెను. ఆయనకు 1949లో నోబెల్ బహుమతి లభించినది.

కుక్క యున్నచోట యజమానియు నుండవలెను గదా. మనము విభూతియో, తిరునామమో, కుంకుమయో దిద్దుకొను ఫాలభాగమునకు వెనుక నున్న మెదడు భాగమే ఆ యజమాని. ముందువెనుకలు ఆలోచించుట, ఫలితమును ఊహించుట, లేచిన చేతిని ఆపుట దాని పనులు. 1848 సెప్టెంబరు 13న అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రమున రైలుమార్గపు పనివారికి మేస్త్రీగా నున్న ఫినియాస్ గేజ్ అను యువకునికి ఘోరమైన ప్రమాదము సంభవించినది. బండలు పేల్చు మందు అకస్మాత్తుగా అంటుకొని, సుమారు ఆరు కిలోల బరువుగల ఇనుపకమ్మి అతని చెంపక్రింద దూరి నడినెత్తి నుండి వెడలిపోయెను. అతడు బ్రతికెను, మాటలాడెను, నడచెను. కాని నెమ్మదియు నేర్పును గల ఆ మేస్త్రీ, తదుపరి ఓర్పులేనివాడై, నోటి దురుసువాడై, చెప్పిన మాట విననివాడై మారెనని అతనికి చికిత్స చేసిన వైద్యుడు వ్రాసెను. లోపలి యజమానికి దెబ్బ తగిలిన ఫలమది. అయినను అతడు హంతకుడు కాలేదు. పిమ్మట చిలీ దేశమున ఏండ్ల తరబడి గుఱ్ఱపు బండి తోలుచు క్రమమైన పనిలో నిలిచెను. దెబ్బతిన్న మెదడు గూడ నియమముగల జీవితము వలన కొంత కుదుటపడునని ఇందువలన తోచుచున్నది.

ఇక "రక్తమే అంత" అను మాట. ఈ మాట ఒక యింటివాడు చెప్పిన ఒక పిల్లవాని ముఖమున మచ్చ పడును. ప్రభుత్వము చెప్పినచో ఏమగునో మన తెలుగునాటనే జరిగినది. ఆంగ్ల ప్రభుత్వము 1871లో ఒక చట్టము చేసి, కొన్ని కులములవారు పుట్టుకచేతనే నేరస్థులని ప్రకటించెను. 1911లో అది మద్రాసు రాజధానికి గూడ వర్తించినది. ఎరుకలవారు మొదలగువారిని ఆ పట్టీలో చేర్చి, పోలీసుల యెదుట హాజరు వేయించుకొనుమనిరి. బాపట్ల చెంత స్టువర్టుపురమను సెటిల్‌మెంటు 1913లో ఏర్పడినది అట్టివారి నుంచుటకే. గద్దె చెప్పుచు, బుట్టలల్లుచు బ్రతికిన జాతికి దొంగయను ముద్ర ఉగ్గుపాలతో అంటించబడినది. స్వరాజ్యము వచ్చిన తరువాత 1952లో ఆ చట్టము రద్దయినది. ఆ పేరు కలిగించిన అవమానము మాత్రము త్వరగా రద్దు కాలేదు. రక్తమును నిందించుట ఎంత సులభమో, అంత పాపము.

అట్లయిన తండ్రి తాతల నుండి ఏమియు రాదా? వచ్చును. 1993లో హాన్స్ బ్రూనర్ అను వైద్యుడును ఆయన సహచరులును నెదర్లాండ్స్ దేశపు ఒక కుటుంబమును పరిశీలించిరి. అందలి కొందరు పురుషులలో మెదడు రసాయనములను విరుగగొట్టు ఒక ఎంజైమునకు సంబంధించిన జన్యువు పూర్తిగా చెడియుండెను. వారు బుద్ధిమాంద్యముతో పాటు తరచుగా కోపావేశమునకు లోనగుచుండిరి. అట్టి దోషము మిక్కిలి అరుదు. అయితే ఆ జన్యువు చెడక, కొంత మందకొడిగా పనిచేయువారు లోకమున చాలమంది గలరు. వారందరు హింసాపరులా? 2002లో న్యూజిలాండ్ నందలి డ్యునెడిన్ పట్టణమున పుట్టిననాటి నుండి గమనించుచు వచ్చిన 442 మంది మగవారి వివరములు వెలువడినవి. మందకొడి జన్యువు కలిగి, బాల్యమున దెబ్బలును హింసయు అనుభవించినవారే హింసాప్రవృత్తికి ఎక్కువగా లోనైరి. అదే జన్యువుండి, ప్రేమగా పెరిగినవారిలో ఆ ప్రవృత్తి అంతగా కనబడలేదు. తరువాతి పరిశోధనలన్నియు ఒకే రీతిగా తేల్చలేదు గాని, వానిలో పెక్కు ఈ త్రోవనే చూపుచున్నవి.

సోదరులారా! ఇందలి భావమును గ్రహింపుడు. విత్తనము తండ్రి తాతలది కావచ్చును. నీరు పోసిన చేయి మనది. మన పెద్దలు పూర్వజన్మ వాసనలని చెప్పినదానిని నేటివారు జన్యువులని చెప్పుచున్నారని నేననను; అవి వేరు శాస్త్రములు, వేరు భాషలు. కాని రెండును ఒకచోట ఏకమగుచున్నవి. వాసన యున్నంత మాత్రమున కర్మ చేసి తీరవలెనని ఎవరును చెప్పలేదు. పిల్లవానిని కొట్టి కొట్టి పెంచినచో వాని వాకిటి కుక్కను ప్రతి చప్పుడునకు మొరుగునట్లు మనమే అలవాటు చేయుచున్నాము. ఫాలభాగపు మెదడు పూర్తిగా పక్వమగుటకు ఇరువది యైదేండ్ల వయస్సు వరకు పట్టును. యజమాని యింకను ఎదగని యింటిలో కుక్కను రెచ్చగొట్టిన పాపము పెద్దలదే.

రెండవ దోషము మత్తు. ఎల్లమ్మ తల్లిని కొలుచు గౌడ సోదరులు తాటిచెట్టెక్కి దించు కల్లు వేరు. మందులు కలిపిన కల్తీకల్లు వేరు. తెలంగాణలో కొన్నిచోట్ల ఆల్ప్రాజోలం, డయాజెపాం, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు కలిపిన కల్లు చిరకాలము అమ్ముడుపోయినది. 2015 సెప్టెంబరు, అక్టోబరు నెలలలో ప్రభుత్వము దానిని గట్టిగా అరికట్టగా, నిజామాబాద్, మహబూబ్‌నగర్ మొదలగు జిల్లాలలోను, హైదరాబాదులోను, దానికి అలవాటుపడినవారు వందల సంఖ్యలో ఆసుపత్రుల పాలైరి. చేతులు వణకుట, ఫిట్లు వచ్చుట, లేనివి కనబడుట, అయినవారినే గుర్తింపక మీదపడుట – ఇవి వారి లక్షణములు. కొందరు ప్రాణములు గోల్పోయిరి. నిన్నటివరకు నెమ్మదిగా కూలిపని చేసికొను మనిషి నేడు పిచ్చివానివలె కేకలు వేయుటకు దయ్యము కారణము కాదు. మెదడును శాంతపరచు సహజ రసాయనమునకు తోడుగా ఏండ్ల తరబడి మందు పనిచేసినది. మెదడు ఆ తోడునకు అలవాటుపడి తన పగ్గములను సడలించుకొన్నది. తోడు ఒక్కసారిగా తొలగగానే గుఱ్ఱములు తెగించినవి. అందుచేత అట్టివాడు వైద్యుని చూపులోనే క్రమముగా మానవలెను. ఒక్కనాట బలవంతముగా మాన్పించుట ప్రమాదకరము.

సారాయి సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. త్రాగిన గంటలోనే అది ఫాలభాగపు యజమానిని నిద్రపుచ్చి, కుక్కను గొలుసు విప్పి వదలును. ఈ రహస్యమును ఏ శాస్త్రగ్రంథము చదువక యే మన ఆడువారు కనుగొనిరి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరములు దిద్దుకొనుచున్న స్త్రీలు సారాయి పాటలను అడ్డుకొనిరి. ఆ నిప్పు రాష్ట్రమంతట వ్యాపింపగా 1993 అక్టోబరు నుండి సారాయి నిషేధమయ్యెను. భర్త చేతిదెబ్బకు కారణము తమ తలరాత కాదనియు, సీసాలో నున్నదనియు తెలిసికొని చేసిన పోరాటమది.

మూడవది నిజమైన వ్యాధి. మెదడులో గడ్డలు, కొన్నిరకముల మూర్ఛ, తలకు తగిలిన గాయములు, తీవ్రమైన మనోవ్యాధి – వీనివలన శాంతస్వభావులు గూడ కొన్ని వేళల ఉగ్రులగుదురు. అట్లని మనోవ్యాధి గలవారందరు హింసించువారని తలచుట దోషము; వారిలో అత్యధికులు ఎవరికిని హాని చేయరు, పైపెచ్చు ఇతరులచేత హింస పొందుదురు. 1960ల దశకములో మద్రాసు నగరమున డాక్టర్ బి. రామమూర్తి, డాక్టర్ వి. బాలసుబ్రమణియం మొదలగు శస్త్రవైద్యులు, మరి యే ఉపాయమునకు లొంగని ఉగ్రత గల రోగులకు ఆ బాదంపప్పు భాగమునే సూదితో నశింపజేయు చికిత్స చేసిరి. అట్టి శస్త్రచికిత్సలు వందల సంఖ్యలో జరిగినవి. నేడు మందులు పెరిగినవి. ఆ పద్ధతి దాదాపు మూలబడినది. తీసివేసిన మెదడు భాగమును మరల తెచ్చియిడు పరశురామ వరము వైద్యునికి లేదు గదా! 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము రోగి సమ్మతియు, బోర్డు అనుమతియు లేక అట్టి శస్త్రచికిత్స చేయరాదని శాసించినది. ఏ రోగిని గాని గొలుసులతో బంధింపరాదనియు అదే చట్టము చెప్పుచున్నది. 2001 ఆగస్టు 6న తమిళనాటి ఎర్వాడిలో, దర్గా మహిమచే నయమగుదురని తెచ్చి గొలుసులతో కట్టియుంచిన మనోరోగులలో ఇరువది యెనమండుగురు అగ్నిప్రమాదమున కదలలేక కాలిపోయిరి. దేవుని సన్నిధికి తెచ్చుట తప్పు కాదు. వైద్యుని యొద్దకు తీసికొనిపోకుండుట తప్పు. అమ్మవారికి బోనమెత్తుడు, పొట్లపల్లి రాజేశ్వరునకు నీరు పోయుడు, రోగిని మాత్రము ఆసుపత్రికి తీసికొనిపొండు. ఇల్లు కదలలేనివారికి 14416 అను టెలిమానస్ నంబరున ఉచితముగా సలహా లభించును.

మన న్యాయశాస్త్రము గూడ ఈ భేదమును పాటించును. తాను చేయు పని యెట్టిదో తెలిసికొనజాలని మతిస్థిమితము లేనివానిని దోషిగా నెంచరాదని పూర్వపు శిక్షాస్మృతిలో 84వ సెక్షను చెప్పినది. నేటి భారతీయ న్యాయ సంహితలో 22వ సెక్షను అదియే చెప్పుచున్నది. కాని కోపము వచ్చినదను ఒక్క మాట ఆ గడప దాటించదు. అధికారి యెదుట చేయి కట్టుకొని నిలిచి, ఇంటికి వచ్చి భార్యపై చేయి యెత్తువాని మెదడులో యజమాని నిద్రించుట లేదు. ఎచట మేల్కొనవలెనో, ఎచట కన్నుమూయవలెనో అతనికి బాగుగా తెలియును. నా గొడుగును గూర్చి గూడ ఇదియే నిజము. అప్పులవాళ్ల మీద అది లేవలేదు.

అట్లయిన సాధన యేమి? కుక్క మొరుగుటకును యజమాని బయటికి వచ్చుటకును నడుమ కొలది క్షణముల వ్యవధి గలదు. సాధన యంతయు ఆ వ్యవధిని పెంచుకొనుటయే. కామక్రోధముల వేగమును శరీరము విడుచుటకు ముందే ఇచ్చటనే ఓర్చుకొనగలవాడే సుఖియని గీత ఐదవ అధ్యాయమున భగవానుడు సెలవిచ్చెను. వేగము రాదని చెప్పలేదు, ఓర్చుకొనుమని చెప్పెను. ఊపిరిని మెల్లగా, దీర్ఘముగా విడుచునపుడు గుండె వేగము తగ్గును. ప్రాణాయామము నేర్చినవారికి ఇది అనుభవసిద్ధము. నాకు కోపము వచ్చుచున్నదని లోలోపల మాటగా చెప్పుకొన్నంతనే ఆ భావము కొంత చల్లబడును. భావమునకు పేరు పెట్టునపుడు అమిగ్డాలా చురుకుదనము తగ్గుచున్నదని 2007లో లాస్ ఏంజెలెస్ శాస్త్రజ్ఞులు చిత్రములు తీసి చూపిరి. సాక్షిగా నిలిచి చూడుమని మన పెద్దలు చెప్పినదానికి ఇది తోబుట్టువు వంటి మాట. చాలినంత నిద్ర, వేళకు భోజనము, మత్తునకు దూరము, నిత్యము నామస్మరణ – ఇవి యజమానిని మేల్కొలిపియుంచు ఉపాయములు.

ఆ జమదగ్ని మహర్షిని గూర్చియే భారతము అశ్వమేధ పర్వమున మరియొక కథ గలదు. ఆయన పితృకార్యమునకై హోమధేనువు పాలు పిదికి క్రొత్తకుండలో నుంచగా, ఆయనను పరీక్షింపదలచి క్రోధమే రూపుదాల్చి ఆ కుండలో ప్రవేశించి పాలను చెరచెను. మహర్షి చలింపలేదు. క్రోధము ఓడిపోయితినని చెప్పి చేతులు జోడించి నిలిచెను. భార్య తల తెగవేయించిన మనస్సును, పాలు చెడినను చలింపని మనస్సును ఒక్క మహర్షివే. ఏ కథ ముందు, ఏ కథ వెనుక యను చర్చ మనకు వలదు. ఒకే దేహమున రెండును సాధ్యమని తెలిసిన చాలును.

మొన్న జాతరకు నా కుమారుడు పిల్లలతో వచ్చెను. చెరువుకట్టపై నడచుచుండగా మనుమడు అల్లరిచేసి వాని చేతిలోని ఫోనును నీటిలో పడవేసెను. నా కుమారుని ముఖము ఎఱ్ఱబడినది. ఆ ముఖమును నేనెరుగుదును. అది నా తండ్రి ముఖము, నా ముఖము. వాడు ఒక్క క్షణము ఆగి, కనుబొమ్మపై చేయి వేసికొని, నాలుగడుగులు ప్రక్కకు నడచి తిరిగి వచ్చెను. పిల్లవానిని ఎత్తుకొనెను. రాత్రి నేనా సంగతి యడుగగా వాడు తల వంచుకొని ఇట్లనెను: "కోపం నాకూ వస్తది బాపూ. రాంగనే చెయ్యి ఈ మచ్చ మీదికి పోతది. అంతల సల్లబడ్త."

వాని శరీరమున ప్రవహించునదియు మా వంశపు రక్తమే. నా ఓదార్పు మాట అబద్ధమని నా కుమారుడే నిరూపించెను. వానిని నేను క్షమాపణ యడిగితిని. ఇన్నేండ్లు పట్టినది. మీలో ఎవరికైన అట్టి మాట చెప్పవలసినవారున్నచో, ఆలస్యము చేయక నేడే చెప్పుడు.

క్రోధమునకు నిలయము మన లోపలనే యున్నది. దానిని ఆపు యజమానియు అచ్చటనే యున్నాడు. క్రోధమునకు బలియై, మరల లేచి, లోకమునకు తల్లియైన ఆ రేణుకా ఎల్లమ్మ మన యిండ్లలో లేచిన చేతులను దించుగాక! ఆ చేతులు తన యెదుట జోడింపబడునట్లు అనుగ్రహించుగాక!

శుభమస్తు.